హరిప్రసాద్ గురి

దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్టు నడిపే హరిప్రసాద్‌కు యాభై ఏళ్లు దాటేదాకా ఎవరితోనూ గొడవపడిన చరిత్ర లేదు. కొట్టులో ఉన్న చీరలన్నీ విప్పించి ఒక్కటీ కొనకుండా లేచిపోయేవాళ్లను కూడా "మంచిదమ్మా, మల్ల రాండ్రి" అని సాగనంపే మనిషి. పక్కనున్న చెప్పుల షాపువాడు తన సరుకు వీళ్ల గడప ముందుకు జరిపితే, మారుమాట లేకుండా చీర కట్టిన బొమ్మను తనే లోపలికి లాక్కునేవాడు. అలాంటివాడు మూడేళ్లపాటు, ముఖమైనా ఎరగని ఒక పెద్దాయనతో ఫోన్‌లో పోట్లాడాడు. దేనికని ఎవరైనా అడిగితే భార్య విజయశ్రీకి చెప్పడానికి సిగ్గుగా ఉండేది. టేబుల్ మీద కర్రతో బంతులు కొట్టే పూల్ ఆటలో బంతికి గురి ఎలా చూడాలన్నదే ఆ పోట్లాట.

హరిప్రసాద్‌ది పోచంపల్లి దగ్గర నేతపని ఊరు. తండ్రి శంకరయ్య మగ్గం నేసేవాడు, తల్లి వజ్రమ్మ ఆసు పోసేది. చట్రం మీద అర్ధచంద్రంలా దిగ్గొట్టిన మేకుల చుట్టూ నూలుపోగును అటూ ఇటూ తిప్పే పని అది. ఒక్కో చీరకు వేలసార్లు చెయ్యి చాపాలి, వేలసార్లు వెనక్కి తీసుకోవాలి. నలభై ఏళ్లకే ఆమె కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసింది. కొడుకును ఈ పనిలో పెట్టనివ్వనని ఆమె పట్టుబట్టింది. దాంతో ఇంటర్ కాగానే శంకరయ్య అతణ్ణి దిల్‌సుఖ్‌నగర్‌లో బంధువుల చీరల దుకాణానికి పంపాడు. అక్కడ ఏళ్ల తరబడి చీరలు విప్పి, మడతపెట్టి, చివరికి ఒక సందులో సొంతంగా చిన్న కొట్టు పెట్టుకున్నాడు. పెళ్లయింది. ఎల్‌బీ నగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. శంకరయ్య పోయాక తల్లిని తెచ్చి తన దగ్గరే ఉంచుకున్నాడు.

పూల్ ఆట పట్టుకున్నది పనిలో చేరిన కొత్తలోనే. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ, దుకాణం పై అంతస్తులో ఎవరో కొత్తగా వేసిన టేబుల్ చూడ్డానికి వెళ్లి, అక్కడే ఉండిపోయాడు. ఆకుపచ్చ గుడ్డ మీద బంతులు ఒకదాన్నొకటి తాకే చప్పుడు అతనికి నచ్చింది. ఎవరూ అరవరు, ఎవరూ తోసుకోరు. ఊరికెళ్లినప్పుడు తల్లికి చెబితే "గోళీలాట ఇంక పోలేదా కొడుకా నీకు?" అని నవ్వింది. ఆ తర్వాత చాలా ఏళ్లు అతను ఆడుతూనే ఉన్నాడు. చైతన్యపురిలో గౌతమ్ అనే కుర్రాడు మేడ మీద పూల్ పార్లర్ తెరిచాక అదే స్థిరమైన చోటయింది. కొత్తపేట నుంచి హయత్‌నగర్ దాకా ఏ పార్లర్‌లో అడిగినా "చీరల హరన్న" అంటే తెలిసేది.

అప్పట్లో అతను గురి చూసేది అందరిలాగే. రంగు బంతి టేబుల్ అంచునుండే పాకెట్ అనే రంధ్రంలో పడాలంటే తెల్ల బంతి దాన్ని ఒకే ఒక్క చోట తాకాలి. అలా తాకే క్షణంలో తెల్ల బంతి ఎక్కడ ఉంటుందో, అక్కడ లేని బంతి ఒకటి ఉన్నట్టు ఊహించుకుని దాని నడిమధ్యకు కొట్టడం పాత పద్ధతి. హరిప్రసాద్‌కు ఆ లేని బంతి స్పష్టంగా కనబడేది. కొన్నిసార్లు దాని మీద లైటు మెరవడం కూడా కనబడేదని చెప్పేవాడు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు వజ్రమ్మకు ఊపిరి అందలేదు. దవాఖానాలో చేర్చారు. లోపలికి ఎవరినీ పోనివ్వలేదు. అద్దం అవతల చాలా మంచాలుండేవి, అన్నింటి మీదా ఒకే రంగు దుప్పట్లు. వాటిలో తల్లి ఎవరో హరిప్రసాద్‌కు ఒక పూట తెలిసేది, ఒక పూట తెలిసేది కాదు. చివరిరోజు అతను చెయ్యి ఊపిన మంచం ఆమెది కాదని తర్వాత నర్సు చెప్పింది.

పార్లర్లు మళ్లీ తెరిచాక గౌతమ్ ఫోన్ చేసి పిలిచాడు. హరిప్రసాద్ వెళ్లి, క్యూ కర్ర పట్టుకుని, టేబుల్ మీదికి వంగాడు. లేని బంతి రాలేదు. ఎంతసేపు చూసినా అక్కడ ఖాళీ గుడ్డే. గట్టిగా ఊహించుకోబోతే అద్దం, దుప్పట్లు వచ్చేవి. మూడడుగుల దూరంలోని బంతులు కూడా తప్పాడు. గౌతమ్ జాలిగా చూసి కౌంటర్ దగ్గరికి వెళ్లిపోయాడు. అలా కొన్ని నెలలు గడిచాయి. కొట్టులోనూ మనిషి మనిషిలా లేడు. అడిగిన చీర ఒకటైతే తీసిచ్చేది ఇంకొకటి.

ఆ రోజుల్లోనే ఫోన్‌లో ఎవరో విదేశీ శిక్షకుడి వీడియో కనబడింది. గురికి ఊహ అక్కర్లేదంటున్నాడు ఆయన. రంగు బంతి అంచును చూడు, క్యూను ఒక పిసరు పక్కగా పెట్టు, అక్కణ్ణుంచి తెల్ల బంతి మధ్యకు తిప్పు, కొట్టు. ఏ షాట్‌కైనా అదే అంచు, అదే తిప్పు. లేనిదాన్ని చూడనక్కర్లేదు, ఉన్నదాన్ని చూస్తే చాలు. హరిప్రసాద్ మరునాడే వెళ్లి ప్రయత్నించాడు. మొదట తప్పాయి. వారం తిరిగేసరికి పడ్డాయి. నెల తిరిగేసరికి మునుపటికంటే బాగా పడ్డాయి. ఒక మధ్యాహ్నం వరసగా టేబుల్ మొత్తం ఖాళీ చేసి, కుర్చీలో కూర్చుని చేతులతో ముఖం కప్పుకున్నాడు. గౌతమ్ మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

ఆ సంతోషం పట్టలేకే ఫేస్‌బుక్‌లో తెలుగు పూల్ ఆటగాళ్ల గ్రూపులో చేరాడు. తిప్పుడు పద్ధతి గురించి తనకు వచ్చిన తెలుగులో వివరంగా రాశాడు. తను కొట్టిన షాట్లు వీడియో తీసి పెట్టాడు. చాలామంది మెచ్చుకున్నారు. కొందరు నేర్పించమని అడిగారు. వాటి కింద ఒక వ్యాఖ్య ఇలా ఉంది:

"హరిప్రసాద్ గారూ, మీ బంతులు పడుతున్నందుకు సంతోషం. కానీ అవి పడటానికి మీరు చెబుతున్నది కారణం కాదేమోనని నా అనుమానం. కోప్పడరు కదా? – బాపిరాజు."

బాపిరాజుది భీమవరం వైపు. నీటిపారుదల శాఖలో ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. వయసులో ఉన్నప్పుడు అక్కడి క్లబ్బులో బిలియర్డ్స్ ఆడేవాడట. ఇప్పుడు హైదరాబాద్‌లో స్థిరపడి, మోకాళ్లు సహకరించక ఇంటిపట్టునే ఉండి, గ్రూపులో వచ్చే ప్రతి ప్రశ్నకూ బొమ్మ గీసి జవాబు పెట్టేవాడు. హరిప్రసాద్‌కూ ఒక బొమ్మ గీసి పంపాడు.

"రెండు బంతులూ ఉన్నచోటే ఉంచండి. పాకెట్‌ను మాత్రం కాస్త పక్కకు జరిపామనుకోండి. మీరు చూసే అంచు మారదు. మీరు తిప్పే తిప్పు మారదు. మరి బంతి కొత్త పాకెట్‌లోకి ఎలా వెళుతుంది? పాకెట్ జరిగిందని దానికి చెప్పిందెవరు? మీ చెయ్యేనండి. మీకు తెలియకుండా మీ చెయ్యి వెంట్రుకవాసి సర్దుకుంటోంది. ఇన్నేళ్ల అనుభవం కదా. ఘనత మీ చేతిది, పద్ధతిది కాదు."

మరొకరైతే దాన్ని పొగడ్తగా తీసుకునేవారేమో. హరిప్రసాద్‌కు మాత్రం ఒళ్లు మండింది. చెయ్యి సంగతి అతనికి తెలుసు. తల్లి పోయాక కొన్ని నెలలపాటు ఆ చెయ్యి ఎందుకూ పనికిరాకుండా పడి ఉండటం చూశాడు. దాన్ని నిలబెట్టింది ఈ పద్ధతే. ఇప్పుడు ఎవరో వచ్చి, నిన్ను ఒడ్డుకు చేర్చిన పడవ అసలు లేనేలేదంటే ఎలా ఒప్పుకుంటాడు? అయితే ఈ మాటలేవీ అతను రాయలేదు. "బొమ్మలు గీసుడు కాదు సార్, ఆడి చూడండి" అని రాశాడు.

అక్కడ మొదలైంది. ఈయన వీడియో పెడితే ఆయన బొమ్మ పెట్టేవాడు. ఈయన పది షాట్లు చూపిస్తే ఆయన అందులో ఒకదాన్ని ఆపి, క్యూ వెనక చేతి దగ్గర ఎర్రగీత గీసి, ఇక్కడ చూడండి అనేవాడు. గ్రూపులో రెండు జట్లు తయారయ్యాయి. ఒకటి తిప్పుడుగాళ్లది, ఇంకొకటి లేని బంతిని ఊహించుకునే దయ్యం బంతిగాళ్లది. ఇద్దరూ కాస్త చల్లబడితే ఎవరో ఒకరు పాత వ్యాఖ్యను పైకి తెచ్చి మళ్లీ అంటించేవారు. హరిప్రసాద్ మెట్రోలో నిలబడి రాసేవాడు, కొట్టులో చీరల మాటున రాసేవాడు, అన్నం ముందు కూర్చుని రాసేవాడు. ఆడటం తగ్గింది, ఆట గురించి రాయడం పెరిగింది.

"ఎవలతోని గట్ల కొట్లాడుతున్నవ్?" అని విజయశ్రీ ఒకసారి అడిగింది.

"వనస్థలిపురంల ఉంటడట ఒకాయన. రిటైరైండు."

"గింత దగ్గర్నేనా? పోయి మాట్లాడరాదూ? ఇద్దరు కూసొని చాయ్ తాగితె అయిపాయె."

"గిది చాయ్ తాగితె అయిపోయేది కాదు. నీకు తెల్వది, ఊకో."

భార్యను అతను "ఊకో" అనడం అదే మొదలు. ఆమె గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

శ్రావణమాసం వచ్చింది. పెళ్లిళ్లు, నోములు, కొట్టులో ఊపిరాడని పని. ఆ హడావుడిలోనే ఒక మధ్యాహ్నం ఫోన్ తీసి చూస్తే తిప్పుడు పద్ధతి తప్పని బాపిరాజు పెద్ద వ్యాసం పెట్టి ఉన్నాడు. దానికి వందలమంది మెచ్చుకోళ్లు. హరిప్రసాద్ దగ్గర ఆట నేర్చుకున్న ఒకతను కూడా, ఇన్నాళ్లకు నాకు అర్థమైంది సార్ అని కింద రాశాడు. అది చూడగానే హరిప్రసాద్‌కు కళ్లు బైర్లు కమ్మాయి. ముందు కూర్చున్న గిరాకీని అలాగే వదిలేసి, నిలబడ్డచోటే రాశాడు:

"ఇంట్ల కూసొని పెన్సిల్ చెక్కుకునేటోనికి ఆట ఏం తెలుస్తది? నీకు దమ్ముంటె చైతన్యపురిల గౌతమ్ పార్లర్‌కు పో. క్యూ పట్టు. నా పద్ధతి తోని కొట్టు. వీడియో పెట్టు. చేతగాకుంటె నోరు మూసుకొని మూలకు కూసో."

మూడేళ్లలో మొదటిసారి ఆయన్ను "నువ్వు" అన్నాడు. కింద నవ్వే బొమ్మలు కుప్పలుగా పడ్డాయి. కాసేపటికి బాపిరాజు జవాబిచ్చాడు. "అలాగేనండి. న్యాయమైన మాటే. ప్రయత్నిస్తాను."

ఆ తర్వాత ఆయన రాయలేదు.

పండుగ గిరాకీ తగ్గాక హరిప్రసాద్ పార్లర్‌కు వెళ్లాడు. గౌతమ్ చాక్ అందిస్తూ మాటల్లో చెప్పాడు.

"మొన్న పరేషానైందన్నా. ఒక పెద్దమనిషి ఒచ్చిండు, ఒక్కడే. మూల టేబుల్ తీసుకొని మస్తుసేపు ఆడుకున్నడు. దిగేటప్పుడు మెట్ల మీద జారిండు. ఏసీ నీళ్లు కారుతయ్ గదా ఆడ. లేవనే లేదు పాపం. అంబులెన్స్‌ను పిలిచినం."

"అయ్యో. ఎట్లున్నడు?"

"తెల్వదన్నా. వాళ్లోళ్లు ఒచ్చి తీస్కపోయిండ్రు."

"గా నీళ్ల సంగతి చూడుమని ఎన్నడో చెప్తిని గదరా నీకు" అన్నాడు హరిప్రసాద్. అని, క్యూ మొనకు చాక్ రుద్దుకుని ఆట మొదలుపెట్టాడు. ఆ రోజు బాగా పడ్డాయి. తిరిగి వస్తూ మెట్రోలో ఫోన్ తీశాడు. "వీడియో పెడతనన్న పెద్దమనుషులు ఏడున్నరో? మొఖం చెల్లక దాక్కున్నట్టున్నరు" అని గ్రూపులో రాశాడు. దానికీ చాలామంది నవ్వారు. రెండు వారాలపాటు తను గెలిచాననే అనుకున్నాడు. కానీ పొద్దున లేవగానే ఫోన్ చూడటం మాత్రం మానలేదు. చూసినప్పుడల్లా ఏదో వెలితిగా ఉండేది.

వినాయక నిమజ్జనం నాటి బాలాపూర్ లడ్డూ వేలం ఈసారి ఎంతకు పోయిందోనని కొట్టు ముందు నలుగురూ చెప్పుకుంటున్న పూట, బాపిరాజు పేరు మీద గ్రూపులో ఒక మాట కనబడింది. రాసింది ఆయన కూతురు. "మా నాన్నగారు బాపిరాజు గారు తుంటి ఎముక ఆపరేషన్ తర్వాత కోలుకోలేక, నిమోనియాతో కాలం చేశారు. ఆయన స్నేహితులందరికీ తెలియజేయమని అమ్మ చెప్పారు." కింద పెద్దకర్మ తేదీ, వనస్థలిపురం ఇంటి చిరునామా ఉన్నాయి.

హరిప్రసాద్ ఆ మాటను చాలాసార్లు చదివాడు. తుంటి ఎముక అన్న దగ్గర అతని చూపు ఆగిపోతోంది. గౌతమ్‌కు ఫోన్ చేసి, ఆ రోజు పడ్డాయన ఎట్లుంటడని అడిగాడు. పొడుగ్గా, తెల్లటి లాల్చీ, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు అన్నాడు గౌతమ్. బాపిరాజు ఎలా ఉంటాడో హరిప్రసాద్‌కు తెలియదు. ఆయన తన పేరు పక్కన ఎప్పుడూ ఒక గీసిన బొమ్మే పెట్టుకునేవాడు.

పెద్దకర్మకు వెళ్లే ధైర్యం చాలలేదు. అది అయిపోయాక విజయశ్రీయే కదిలించింది. మనిషి తినడం లేదు, మాట్లాడటం లేదు. సంగతంతా విని ఆమె తిట్టలేదు. "పోయి రా. ఏమన్న అంటరేమో, అననీ" అంది.

వనస్థలిపురంలో పాత కాలనీ. ఒకే తీరుగా కట్టిన చిన్న ఇళ్లు. తలుపు తీసింది బాపిరాజు భార్య ఇందిరాదేవి. సన్నగా, నిటారుగా ఉంది. పేరు చెప్పగానే ఆమె ముఖంలో ఏమీ మారలేదు.

"మీరేనా హరిప్రసాద్ గారు? రండి. రోజూ వినేదాన్నండి మీ పేరు."

లోపల గోడకు ఫొటో, దండ, కింద దీపం. తెల్లటి మీసం, సగం నవ్వు. మెడలో తాడుకు కళ్లద్దాలు. హరిప్రసాద్ దండం పెట్టి, చెప్పిన చోట కూర్చున్నాడు. కిటికీ పక్కన బొమ్మలు గీసుకునే వాలుబల్ల, దాని మీద పొడవాటి స్కేళ్లు. ఎవరూ సర్దలేదు.

"పొద్దున్న కాఫీ తాగుతూనే మొదలెట్టేవారు" అంది ఆమె. "ఇందిరా, ఇవాళ హరిప్రసాద్ ఏం రాశాడో చూడాలి అని. మీరు రాయని రోజు విసుక్కునేవారు. ఏదో ఒకటి మాట్లాడే మనిషి లేకపోతే ఎలాగండీ. నాకా ఆట తెలీదు, మా అమ్మాయి విశాఖలో ఉంటుంది."

హరిప్రసాద్ చూపు వాలుబల్ల మీదికి పోయింది.

"ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒకటే గోల. వీడియో పెట్టు, వీడియో పెట్టు అని. నాకు చేతకాలేదు. అమ్మాయేమో ఇప్పుడవన్నీ ఎందుకు నాన్నా అంది. మీకు పెట్టడం వచ్చు కదా? పెట్టెయ్యండి బాబూ. ఆయన కోరిక తీరుతుంది."

ఆమె ఆయన ఫోన్ తెచ్చి చేతికిచ్చింది. వీడియో మొదలుకాగానే హరిప్రసాద్ గుర్తుపట్టాడు. గౌతమ్ పార్లర్ నీలం గోడ, మూల టేబుల్. ఫోన్‌ను కిటికీ అంచున నిలబెట్టి తీసినట్టుంది. తెల్లటి లాల్చీలో బాపిరాజు మెల్లగా నడిచి వచ్చి, టేబుల్ అంచు పట్టుకుని వంగాడు. బాగా వంగలేకపోతున్నాడు. క్యూను పక్కగా పెట్టి, మధ్యకు తిప్పి, కొట్టాడు. తప్పింది. హరిప్రసాద్ గ్రూపులో మొదట పెట్టిన వీడియోలోని షాట్ అదే. మళ్లీ బంతులు పేర్చుకుని, మళ్లీ కొట్టాడు. తప్పింది. వెక్కిరింపుగా చేయడం లేదాయన. అంచు చూడటం, పక్కగా పెట్టడం, తిప్పడం, ఒక్కొక్కటీ చెప్పింది చెప్పినట్టు, బడిపిల్లాడిలా చేస్తున్నాడు. మధ్యలో ఒకసారి కుర్చీలో కూర్చుని మోకాళ్లు రాసుకున్నాడు. లేచాడు. మరికొన్ని తప్పాక, ఒకటి నెమ్మదిగా దొర్లుకుంటూ వెళ్లి పాకెట్‌లో పడింది. వెంటనే ఇంకొకటి పడింది. ఆ తర్వాత ఇంకొకటి.

బాపిరాజు కెమెరా దగ్గరికి వచ్చాడు. రొప్పుతున్నాడు. ముఖం వెలిగిపోతోంది. "హరిప్రసాద్ గారూ! పడ్డాయండీ! మీరన్నట్టే చేశాను. ఎందుకు పడ్డాయో నాకు తెలీదు గానీ, పడ్డాయి. నేనే పొరబడ్డానేమో. ఇంటికెళ్లి ఆలోచించుకుని రాస్తాను." చెయ్యి కెమెరాకు అడ్డం వచ్చింది. అక్కడితో అయిపోయింది.

హరిప్రసాద్ వీడియోను వెనక్కి జరిపాడు. పడిన షాట్లు మూడూ మళ్లీ చూశాడు, వేగం తగ్గించి చూశాడు. మొదట్లో తప్పిన షాట్లలో ఆయన వెనక చెయ్యి తిప్పిన చోటే నిలిచింది. పడిన షాట్లలో, కొట్టబోయే ముందు, ఆ చెయ్యి వెంట్రుకవాసి బయటికి జరిగింది. ఆయనకు తెలియకుండానే జరిగింది. మూడుసార్లూ జరిగింది. ఎప్పుడో భీమవరం క్లబ్బులో నేర్చుకున్న చెయ్యి అది. ఇన్నాళ్లూ ఆయన ఎర్రగీతలు గీసి చూపించినా కనబడనిది, ఇప్పుడు ఆయన చేతిలోనే కనబడింది.

"అమ్మా" అన్నాడు. "ఆయన చెప్పిందే నిజం. నేనే తప్పు."

ఇందిరాదేవి అర్థంకానట్టు చూసింది. "అదేంటండీ? ఆయన మీరే కరెక్టన్నారుగా?"

అతను ఫోన్‌ను ఒడిలో పెట్టుకున్నాడు. తర్వాత, దాచుకోలేక అన్నాడు. "అమ్మా, ఆడికి రమ్మన్నది నేను. నేనే రాసిన, దమ్ముంటె రమ్మని. నోరు జారి చాన మాటలన్న."

"తెలుసు. చదివాను."

ఆమె ఫోన్ తీసుకుని కొంగుతో తుడిచింది.

"మెట్లున్నాయని ఒక ముక్క రాయాల్సింది" అంది. "మెట్లున్నాయంటే నేను పంపేదాన్ని కాదు."

ఆమె గొంతులో కోపం లేదు. హరిప్రసాద్ ఆ ఫోన్ తిరిగి తీసుకున్నాడు. వీడియోను తన ఫోన్‌కు పంపుకుని లేచాడు. చావు జరిగిన ఇంట్లో వెళ్లొస్తానని చెప్పకూడదు కాబట్టి, చెప్పకుండానే బయటికి వచ్చాడు. బస్టాప్‌లో రెండు బస్సులు వచ్చి వెళ్లిపోయాయి. ఎక్కాలని తోచలేదు.

ఆమె కోరినట్టే వీడియోను గ్రూపులో పెట్టాడు. పైన ఇలా రాశాడు: "బాపిరాజు గారు నిజాయితీపరుడు. నా మాట పట్టుకుని, నా పద్ధతిని పరీక్షించడానికి పోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నరు. నేను గెలిచిన అని ఆయన అనుకున్నరు. కానీ ఈ వీడియోల ఆయన చెయ్యి చూడండి. మూడేళ్లు ఆయన చెప్పిందే నిజం. తప్పు నాది. అందరూ నన్ను క్షమించాలె."

ఇంతటితో ఈ గొడవ ఆగుతుందని అతను నిజంగానే నమ్మాడు.

మొదటి గంట అందరూ నమస్కారాలు పెట్టారు. ఆ తర్వాత ఎవరో, బాపిరాజు గారే స్వయంగా ఒప్పుకున్నారు కదా, తిప్పుడు పద్ధతే గెలిచినట్టు అన్నారు. ఇంకెవరో, చెయ్యి జరగలేదు, అది కెమెరా కోణం అన్నారు. చెయ్యి జరిగిందని ఒకరు కొలతలు వేశారు. చచ్చిపోయినాయన మోచేతిని ఆపి ఆపి, పెద్దది చేసి, దాని మీద పచ్చ, ఎర్ర గీతలు గీశారు. సానుభూతి కోసం ఏడుపు నాటకమని ఒకరు హరిప్రసాద్‌ను తిట్టారు. తప్పిన షాట్లన్నీ ఒకచోట అతికించి, వెనక నవ్వుల చప్పుడు పెట్టి ఒకరు వదిలారు. దాన్ని అన్నిటికంటే ఎక్కువమంది చూశారు.

మూడోరోజు బాపిరాజు కూతురు ఫోన్ చేసింది.

"మా నాన్న వీడియో ఎందుకు పెట్టారండీ? ఎవరెవరో నవ్వుతున్నారు. మా ఆఫీసులో నాకే చూపించారు, ఎవరో ముసలాయనంటూ. తీసేయండి వెంటనే."

"అమ్మ పెట్టుమన్నరమ్మా..."

"అమ్మకేం తెలుసు? మీకు తెలియదా?"

హరిప్రసాద్ తను పెట్టింది వెంటనే తీసేశాడు. అప్పటికే అది వేరే గ్రూపుల్లోకి పోయింది. ఒక్కొక్కరికీ విడివిడిగా రాసి బతిమాలాడు. కొందరు తీశారు, కొందరు పట్టించుకోలేదు. ఒకతను "మీరే కదా అంకుల్ స్టార్ట్ చేసింది" అని జవాబిచ్చాడు. చివరికి హరిప్రసాద్ గ్రూపులోంచి బయటికొచ్చాడు. అతను వెళ్లిపోవడం మీద కూడా అక్కడ రెండు రోజులు వాదన నడిచిందట.

చలికాలంలో గౌతమ్ బలవంతం మీద ఒకసారి పార్లర్‌కు వెళ్లాడు. ఏసీ పైపు మార్చారు, మెట్లకు ఇనుప రైలింగ్ పెట్టించారు. దాన్ని పట్టుకోకుండా ఎక్కాడు. టేబుల్ మీద బంతి సులువుగా ఉంది. అంచు చూశాడు, క్యూను పక్కగా పెట్టాడు, తిప్పాడు. అప్పుడు తన వెనక చెయ్యి గుర్తొచ్చింది. ఇది ఇప్పుడు జరుగుతుందా? జరగనియ్యాలా, పట్టి ఉంచాలా? అలా వంగే ఉండిపోయాడు. కొడితే బంతి పాకెట్‌కు జానెడు దూరంగా పోయింది. పాతపద్ధతిలో చూద్దామని లేని బంతి కోసం వెతికాడు. అదీ రాలేదు. ఇదివరకు అద్దం, దుప్పట్లైనా వచ్చేవి. ఇప్పుడు తెల్లటి లాల్చీలో ఎవరో టేబుల్ అంచు పట్టుకుని వంగలేక వంగుతున్నారు.

"పోనీ అన్నా, టచ్ పోయింది అంతే. వారం రోజులు ఆడితె మల్ల ఒస్తది" అన్నాడు గౌతమ్.

"రాదులే" అని క్యూను గోడకు ఆనించి దిగి వచ్చేశాడు. ఆ తర్వాత మళ్లీ ఎక్కలేదు.

వనస్థలిపురానికి మాత్రం ఇంకోసారి వెళ్లాడు. ఏం మాట్లాడాలో తెలియదు, ఊరికే చూసి రావాలనిపించింది. గేటుకు తాళం ఉంది. పక్కింటావిడ, అమ్మాయి వచ్చి ఇందిరాదేవి గారిని విశాఖ తీసుకెళ్లిపోయిందని, ఇల్లు కిరాయికి ఇస్తారని చెప్పింది. మీరు చుట్టాలా అని అడిగింది. కాదన్నాడు. కిటికీలోంచి చూస్తే లోపల వాలుబల్ల లేదు.

ఇప్పుడు హరిప్రసాద్ పొద్దున్నే కొట్టుకు వెళ్తాడు, చీకటిపడ్డాక ఇంటికి వస్తాడు. మధ్యాహ్నం గిరాకీ లేకపోయినా అక్కడే కూర్చుంటాడు. విజయశ్రీ ఏదైనా అడిగితే జవాబు చెబుతాడు, తనంతట తను మాట కలపడం తగ్గింది. మొన్న వేసవిలో పెళ్లి చీరలకని ఒక జంట వచ్చింది. ఆ పిల్లాడు అతన్నే తేరిపార చూసి, "అంకుల్, మీరు ఆ పూల్ వీడియోల హరిప్రసాద్ గదా? మా ఫ్రెండ్స్ ఇంకా కొట్లాడుతరు దాని మీద. ఇంతకూ ఎవరు కరెక్ట్ అంకుల్?" అని ఉత్సాహంగా అడిగాడు.

"బాపిరాజు గారు" అన్నాడు హరిప్రసాద్.

"గదెట్ల? ఆయననే మీరు కరెక్ట్ అన్నడు గదా లాస్ట్‌ల?"

ఆ అమ్మాయి పెళ్లికొడుకు మోచేతిని పొడిచి, ముందు రంగు చూడమంది. హరిప్రసాద్ వెనక్కి తిరిగి, అరలోంచి ఇంకో చీర తీసి, వాళ్ల ముందు పరిచాడు.